పాకిందా, విడిగా పుట్టిందా?

కేన్సర్ గురించి మన ఇళ్లలో మాట్లాడుకునేటప్పుడు ఒక మాట రాగానే అందరూ సైలెంట్ అయిపోతారు. ‘పాకింది’. డాక్టర్ గారు అరగంట చెప్పినా అందులో గుర్తుండేది ఆ ఒక్క మాటే. సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. ‘పాకిందంట’ అంటే ఇక చేసేదేం లేదని అందరూ అర్థం చేసుకుంటారు.

ఈ వ్యాసం ఆ మాట గురించే. లివర్‌లో ఒకటి కంటే ఎక్కువ గడ్డలు కనపడితే కేన్సర్ పాకినట్టేనా? ప్రతిసారీ కాదు. కొన్నిసార్లు ఆ గడ్డలు ఒకదాన్నుంచి ఇంకొకటి వచ్చినవి కావు. వేటికవి విడిగా పుట్టినవి. ఆ తేడా ఎలా కనిపెడతారు, కనిపెడితే ఏం మారుతుంది అన్నది నాకు అర్థమైనంతలో చెప్తాను. నేను సి.ఎస్.ఇ. రెండో సంవత్సరం, మెడికల్ స్టూడెంట్‌ని కాదు. కాబట్టి ఇది చదివి ఎవరూ వైద్యం నిర్ణయించుకోకండి, డాక్టర్‌ని అడగడానికి మాత్రం వాడుకోండి.

దీని గురించి చదవడం ఎందుకు మొదలుపెట్టానంటే మా పెద్దనాన్న వల్ల. వాళ్లది దుమ్ముగూడెం మండలంలో అడవి అంచున ఉన్న చిన్న ఊరు. మిర్చి, పత్తి వేస్తారు. పోయిన సంవత్సరం కడుపులో బరువుగా ఉందంటే స్కాన్ తీయించారు. లివర్‌లో రెండు గడ్డలు కనిపించాయి. కుడి వైపు ఒకటి 2.8 సెంటీమీటర్లు, ఎడమ వైపు ఇంకోటి 1.6. రక్త పరీక్షలో హెపటైటిస్ బి ఉందని తేలింది. అది ఉన్నట్టు ఆయనకి అప్పటిదాకా తెలియదు.

ఆ రాత్రి ఫోన్‌లో పెద్దమ్మ నాన్నతో, “రెండు చోట్ల ఉందంట మరిదీ, పాకినట్టే గదా. ఇంక హైదరాబాద్ తీసుకపోయి ఏం లాభం? ఉన్న ఎకరం కూడా పోతది” అంది. నాన్న దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. అప్పుడు చదవడం మొదలుపెట్టాను.

ముందు లివర్ గురించి కొంచెం

మటన్ షాపులో కార్జం అంటాం కదా, అదే లివర్. మనిషిలో సుమారు ఒకటిన్నర కిలో బరువుంటుంది. దీని స్పెషాలిటీ ఏంటంటే రక్తం రెండు దారుల్లో వస్తుంది. గుండె నుంచి ధమని ద్వారా వచ్చేది దాదాపు 25 శాతం. మిగతా 75 శాతం పొట్ట, పేగుల మీదుగా పోర్టల్ వెయిన్ అనే పెద్ద రక్తనాళం ద్వారా వస్తుంది. తిన్నదాంట్లో చాలావరకు ముందు లివర్ దగ్గర చెకింగ్ అయ్యాకే ఒంట్లోకి వెళ్తుందన్నమాట.

అందుకే లివర్‌లో కేన్సర్ గడ్డ కనపడితే మూడు రకాలుగా ఆలోచించాలి.

మొదటిది, అది బయట నుంచి వచ్చింది కావచ్చు. పెద్దపేగు కేన్సర్ కణాలు పోర్టల్ వెయిన్‌లో కొట్టుకొచ్చి లివర్‌లో దిగుతాయి. అప్పుడు గడ్డ ఉన్నది లివర్‌లోనే అయినా జబ్బు పెద్దపేగు కేన్సరే, మందులు కూడా దానివే. మనం హైదరాబాద్ హాస్టల్‌లో ఉన్నా ఊరు ఏదంటే ఖమ్మం అని చెప్పినట్టే. చిన్న ముక్క తీసి రంగులు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే అవి లివర్ కణాలా, పేగు కణాలా అన్నది చాలావరకు తెలిసిపోతుంది.

రెండోది, లివర్‌లోనే పుట్టిన గడ్డ నుంచి కొన్ని కణాలు పోర్టల్ వెయిన్ కొమ్మల్లోకి జారి లివర్‌లోనే ఇంకో చోట మొలవడం. ఇదే లివర్ లోపలి మెటాస్టాసిస్. నిజంగా పాకడమంటే ఇదీ.

మూడోది, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, మందు, ఫ్యాటీ లివర్ లాంటి కారణాలతో ఏళ్ల తరబడి లివర్ మొత్తం దెబ్బతిని, రెండు వేర్వేరు చోట్ల రెండు వేర్వేరు కణాలు ఎవరికి వాళ్లు కేన్సర్‌గా మారడం. ఇక్కడ రెండు గడ్డలకీ చుట్టరికం లేదు. ఉన్నది ఒకే ఇంట్లో.

రెండోదానికీ మూడోదానికీ తేడా చెప్పడమే కష్టం. మిగతా వ్యాసమంతా దాని గురించే.

మార్చి నెలలో అడవి

భద్రాచలం వైపు వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఎండాకాలం మొదట్లో అడవిలో అక్కడక్కడా మంటలు లేస్తాయి. ఇప్పపూలు నేల మీద రాలితే ఏరడానికి వీలుగా కొన్నిచోట్ల చెట్టు కింద ఎండుటాకులు తగలబెడతారు. ఒక్కోసారి అది చెయ్యి దాటిపోతుంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు శాటిలైట్ చూసి మంటల అలర్ట్ పంపిస్తారు. మ్యాప్‌లో మనకి కనపడేది రెండు ఎర్ర చుక్కలు.

ఆ రెండు చుక్కలు చూసి ఏం చెప్పగలం? మొదటి మంట నుంచి నిప్పురవ్వ గాలికి ఎగిరి రెండోచోట పడి ఉండొచ్చు. లేదా ఇద్దరు వేర్వేరు మనుషులు రెండు వేర్వేరు ఇప్పచెట్ల కింద అగ్గిపుల్ల గీసి ఉండొచ్చు. చుక్కలు మాత్రం ఒకేలా ఉంటాయి. సి.టి. స్కాన్ కూడా ఇలాంటి మ్యాపే. ఎన్ని గడ్డలు, ఎక్కడ, ఎంత సైజు అన్నది చెప్తుంది. వాటి మధ్య సంబంధం ఏంటో నేరుగా చెప్పదు.

రవ్వలు ఎగురుతున్నాయంటే కంటికి కనపడని రవ్వలు ఇంకా ఎక్కడెక్కడ పడ్డాయో అన్న భయం ఉంటుంది. విడిగా అంటుకున్నవైతే ఈ రెండూ ఆర్పేయొచ్చు. కానీ అడవి అంతా ఎండి ఉంది కాబట్టి రేపు మూడోచోట అంటుకోవచ్చు. రెండూ ప్రమాదమే. చేయాల్సిన పని మాత్రం వేరు.

డాక్టర్లు చూసే ఆనవాళ్లు

డి.ఎన్.ఏ. దాకా వెళ్లకుండానే కొన్ని గుర్తులు ఉన్నాయి.

గడ్డలు ఉన్న చోటు ఒకటి. ఒక పెద్ద గడ్డ, దాని చుట్టూ దగ్గర్లోనే చిన్న చిన్న గడ్డలు ఉంటే పాకిందన్న అనుమానం పెరుగుతుంది. పోర్టల్ వెయిన్ లోపలే కేన్సర్ కనపడితే ఇంకా బలమైన గుర్తు, ఎందుకంటే రవ్వలు ప్రయాణించే దారి అదే. దూరదూరంగా వేర్వేరు భాగాల్లో ఉండి, రక్తనాళాలు క్లీన్‌గా ఉంటే విడిగా పుట్టి ఉండొచ్చు అనిపిస్తుంది.

కణాల వయసు లాంటిది ఇంకోటి. కేన్సర్ కొత్తగా మొదలైనప్పుడు కణాలు మామూలు లివర్ కణాల పోలికలోనే ఉంటాయి. ముదిరేకొద్దీ ఆ పోలిక పోతుంది. ముదిరిన గడ్డ నుంచి వచ్చిన పిల్ల గడ్డ సాధారణంగా తల్లిలాగో ఇంకా ముదిరిపోయో ఉంటుంది. అలా కాకుండా రెండో గడ్డ అంచుల్లో ఇప్పుడిప్పుడే మారుతున్న లేత కణాలు కనిపిస్తే, అది అక్కడే పుట్టిందని పెథాలజిస్టులు అంటారు.

మూడోది టైమ్. ఆపరేషన్ చేసి గడ్డ తీసేసినా ఐదేళ్లలోపు సుమారు 70 శాతం మందిలో లివర్ కేన్సర్ మళ్లీ వస్తుంది. రెండేళ్లలోపు వస్తే పాత గడ్డ రవ్వలే మొలిచాయని ఎక్కువగా అనుకుంటారు. రెండేళ్లు దాటాక వస్తే కొత్తగా పుట్టి ఉండొచ్చు అంటారు. ఇది లక్ష్మణరేఖ కాదు, ఒక అంచనా మాత్రమే.

కాపీ కొట్టిన ప్రోగ్రామ్‌ని ఎలా పట్టుకుంటారు?

ఇక్కడి నుంచి మన బ్రాంచ్ వాళ్లకి ఈజీ. ల్యాబ్‌లో ఇద్దరి ప్రోగ్రామ్‌లకీ ఒకే అవుట్‌పుట్ వచ్చిందని కాపీ అనలేం. బబుల్ సార్ట్ ఎవరు రాసినా దాదాపు అలాగే ఉంటుంది. కానీ ఎక్కడా వాడని ఒక వేరియబుల్, దాని పేరులో ఒక స్పెల్లింగ్ తప్పు, రెండూ ఇద్దరి కోడ్‌లోనూ అదే లైన్‌లో ఉంటే? దొరికిపోయినట్టే. పనికొచ్చే లైన్లు కలిస్తే సంబంధం రుజువు కాదు, పనికిరాని తప్పులు కలిస్తే అవుతుంది.

కణం విడిపోయిన ప్రతిసారీ దాదాపు 300 కోట్ల అక్షరాల డి.ఎన్.ఏ.ని కాపీ చేసుకోవాలి. అందులో కొన్ని తప్పులు పడతాయి. ఎక్కువ తప్పులు ఏ పనీ చేయవు, ఊరికే ఉండిపోతాయి, పిల్ల కణాలకి అలాగే వెళ్తాయి. ఒక గడ్డ సాధారణంగా ఒకే కణం నుంచి మొదలై, తరాలు గడిచేకొద్దీ కొత్త మార్పులు కూడగట్టుకుంటూ పోతుందని పీటర్ నోవెల్ 1976లో రాశారు. మన వెర్షన్ కంట్రోల్ బ్రాంచ్‌ల్లాగే అన్నమాట. రెండు గడ్డల డి.ఎన్.ఏ. చదివినప్పుడు చాలా తప్పులు కామన్‌గా ఉండి, ఆపైన ఎవరికి వాళ్లకి కొన్ని కొత్తవి ఉంటే, రెండూ ఒకే మొదలు నుంచి విడిపోయిన కొమ్మలు. అంటే పాకింది. దాదాపు ఏదీ కలవకపోతే రెండూ వేర్వేరు ప్రాజెక్టులు. విడిగా పుట్టాయి.

బిడ్డ ఎవరిది అన్న కేసుల్లో డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్ వాడతారని మనకి తెలుసు. మన దేశంలో దాన్ని అభివృద్ధి చేసింది మన హైదరాబాద్ సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్ గారు. గడ్డల విషయంలో అడిగేది కూడా అలాంటి ప్రశ్నే. దీని తల్లి ఎవరు?

ఒక జాగ్రత్త ఉంది. ల్యాబ్ మాన్యువల్‌లోనే అచ్చుతప్పు ఉంటే క్లాసంతా అదే తప్పు రాస్తారు, ఎవరూ ఎవర్నీ కాపీ కొట్టకపోయినా. లివర్‌లో కూడా ఇలా జరుగుతుంది. వేరుశనగ, మొక్కజొన్న, మిర్చి సరిగ్గా ఆరకుండా తేమ పడితే ఒక రకం బూజు పడుతుంది. అది అఫ్లాటాక్సిన్ అనే విషం తయారుచేస్తుంది. ఆ విషం టి.పి.53 అనే జీన్‌లో 249వ కోడాన్ దగ్గర ఒక ప్రత్యేకమైన మార్పు తెస్తుందని తేలింది. ఒకే మనిషి రెండు గడ్డల్లో ఆ ఒక్క మార్పే కామన్‌గా కనపడితే పాకిందని చెప్పేయకూడదు. విషం ఒకటే కాబట్టి తప్పు కూడా ఒకటే పడి ఉండొచ్చు. అందుకే ఫేమస్ జీన్ ఒక్కటి చూసి కాకుండా ఊరూపేరూ లేని తప్పులు ఎన్ని కలిశాయో లెక్కపెట్టాలి.

వైరస్ వేసే ముద్ర

హెపటైటిస్ బి ఉన్నవాళ్లలో ఇంకో గుర్తు కూడా దొరుకుతుంది. ఈ వైరస్ డి.ఎన్.ఏ. చాలా చిన్నది, సుమారు 3,200 అక్షరాలే. అది లివర్ కణంలోకి వెళ్లాక అప్పుడప్పుడు దాని ముక్క మన డి.ఎన్.ఏ. మధ్యలో అతుక్కుపోతుంది. 300 కోట్ల అక్షరాల్లో ఎక్కడ అతుక్కుంటుందో ముందే చెప్పలేం. కొన్ని చోట్లంటే దానికి కాస్త ఇష్టం ఎక్కువ అయినా, సరిగ్గా అదే అక్షరం దగ్గర రెండు వేర్వేరు కణాల్లో అతుక్కోవడం చాలా అరుదు.

ఫారెస్టోళ్లు టేకు దుంగ మీద సుత్తితో ముద్ర వేస్తారు చూడండి, అలాంటిదే ఇది. దుంగని ఎన్ని ముక్కలు కోసినా ముద్ర ఉన్న ముక్క ఎక్కడిదో చెప్పొచ్చు. రెండు గడ్డల్లోనూ వైరస్ సరిగ్గా అదే చోట అతుక్కుని ఉంటే రెండిటి మూలకణం ఒకటే. రెండిట్లో వేర్వేరు చోట్ల ఉంటే విడిగా పుట్టినవని చెప్పొచ్చు.

ఇంత బాగుంటే అందరికీ ఎందుకు చేయరు? దీనికి రెండు గడ్డల నుంచీ ముక్క కావాలి. లివర్‌లో రక్తం ఎక్కువ కాబట్టి సూది పెడితే రక్తస్రావం అవ్వొచ్చు. అరుదుగా సూది దారిలోనే కేన్సర్ కణాలు పడే ప్రమాదం కూడా ఉంది. పైగా హెపటైటిస్ బి, సిర్రోసిస్ ఉన్నవాళ్లలో మంచి సి.టి. చూసే చాలాసార్లు లివర్ కేన్సర్ అని నిర్ధారిస్తారు, ముక్క తీయాల్సిన పనే ఉండదు. ఖర్చు సంగతి సరేసరి. అందుకని ఎక్కువమందికి పై ఆనవాళ్లతోనే అంచనా వేస్తారు.

తెలిస్తే ఏం మారుతుంది?

1996లో ఇటలీలోని మిలాన్‌లో మజ్జాఫెరో అనే సర్జన్ బృందం లివర్ మార్పిడి చేసిన 48 మంది గురించి రాసింది. వాళ్లు పెట్టుకున్న రూల్ సింపుల్. ఒకే గడ్డ అయితే 5 సెంటీమీటర్ల లోపు ఉండాలి. ఎక్కువుంటే మూడు దాటకూడదు, ఒక్కోటి 3 సెంటీమీటర్ల లోపు ఉండాలి. రక్తనాళాల్లోకి గానీ లివర్ బయటికి గానీ వెళ్లి ఉండకూడదు. నాలుగేళ్లకి వాళ్లలో 75 శాతం మంది బతికే ఉన్నారు. ప్రపంచమంతా ఇప్పటికీ ఈ మిలాన్ రూల్ వాడుతోంది.

ఇది నాకు చాలా పెద్ద విషయం అనిపించింది. మూడు గడ్డలు ఉన్నవాళ్లని కూడా నయం చేయగలిగిన లిస్ట్‌లోనే పెట్టారు. ‘ఒకటి కంటే ఎక్కువ’ అంటే ‘ఇక అయిపోయింది’ అని కాదు.

మార్పిడి వల్ల గడ్డలతో పాటు ఎండిపోయిన అడవి కూడా పోయి కొత్త అడవి వస్తుంది. విడిగా పుట్టిన గడ్డలకి ఇది మంచి దారి. కానీ రవ్వలు అప్పటికే రక్తంలో తిరుగుతుంటే కొత్త లివర్‌కి కూడా అంటుకోవచ్చు. అందుకే రక్తనాళాల గురించి అంత పట్టింపు. మార్పిడి కుదరనివాళ్లకి చిన్న గడ్డలైతే కోసి తీయడమో, సూదితో వేడి పెట్టి కాల్చడమో చేస్తారు. విడిగా పుట్టినవి అనుకుంటే ఏ గడ్డకి ఆ గడ్డ తీసేసి, మూలకారణానికి మందు ఇస్తారు. హెపటైటిస్ బి అయితే టెనోఫోవిర్, ఎంటెకావిర్ లాంటి రోజు మాత్రలు వైరస్‌ని అణచిపెట్టి కొత్త గడ్డలు పుట్టే అవకాశం తగ్గిస్తాయి. పాకిందని తేలితే, ముఖ్యంగా పోర్టల్ వెయిన్‌లో ఉంటే, ఒళ్లంతా పనిచేసే మందుల వైపు వెళ్తారు.

పెద్దనాన్నని చివరికి హైదరాబాద్ తీసుకెళ్లారు. ఆ రెండు గడ్డలూ దూరదూరంగా ఉన్నాయి, నాళాలు క్లీన్‌గా ఉన్నాయి. “విడిగా పుట్టినవే అయ్యుండొచ్చు, నూటికి నూరుపాళ్లు చెప్పలేం, కానీ రెండూ కాల్చేయగలిగిన సైజే” అన్నారు డాక్టర్ గారు. రెండూ కాల్చేశారు. రోజూ మాత్ర వేసుకుంటున్నారు, మూడు నెలలకోసారి స్కాన్ ఉంటుంది. ముందు ముందు ఏమవుతుందో ఎవరూ మాట ఇవ్వలేదు. ఈ సారి మిర్చి మాత్రం ఆయనే దగ్గరుండి ఏరించారు.

అడవి ఎండకుండా

ఆ తర్వాత డాక్టర్ గారు చెప్పిన ఇంకో విషయం మా ఇంటిని కుదిపేసింది. హెపటైటిస్ బి తల్లి నుంచి బిడ్డకి పుట్టేటప్పుడే రావొచ్చు, కాబట్టి అన్నదమ్ములందరూ టెస్ట్ చేయించుకోవాలన్నారు. నానమ్మ ఇప్పుడు లేదు, ఆమెకి ఉందో లేదో తెలిసే దారి లేదు. నాన్న రిపోర్ట్ వచ్చేదాకా అమ్మ సరిగ్గా అన్నం తినలేదు. నాన్నకి లేదు. చిన్నత్తకి ఉంది. గడ్డలేవీ లేవు, లివర్ ఇంకా బాగానే ఉంది. ఇప్పుడు ఆరునెలలకోసారి స్కాన్ చేయించుకుంటోంది. పెద్దనాన్న గడ్డలు పాకినవే అని ఊరుకుని ఉంటే ఎవరూ ఆ వైరస్ దాకా వెళ్లేవాళ్లు కాదు.

ఈ వైరస్‌ని కనిపెట్టిన బారూక్ బ్లూంబర్గ్‌కి 1976లో నోబెల్ వచ్చింది. తైవాన్ 1984లో పిల్లలకి టీకా మొదలుపెడితే, ఆ తర్వాత పిల్లల్లో లివర్ కేన్సర్ దాదాపు సగానికి తగ్గిందని 1997లో లెక్క తేలింది. కేన్సర్‌ని ఆపిన మొదటి టీకా ఇదే. అదే 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా శాన్‌వ్యాక్-బి విడుదల చేసింది. అప్పటిదాకా దిగుమతి టీకా మామూలు కుటుంబాలకి అందే ధరలో ఉండేది కాదు. ఆ కంపెనీ పెట్టిన వరప్రసాద్ రెడ్డి గారి పేరు మన లిటరరీ క్లబ్ వాళ్లకి ఇంకో రకంగా తెలుసు. ‘హాసం’ పత్రిక నడిపింది ఆయనే.

ఇప్పుడు పుట్టిన బిడ్డకి 24 గంటల్లోపు ఒక డోసు, తర్వాత 6, 10, 14 వారాలకి మిగతావి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫ్రీగా ఇస్తారు. వాగు పొంగి కాన్పు ఇంట్లోనే జరిగిపోయే గూడేల్లో ఆ మొదటి రోజు డోసే తప్పిపోతుంది. తల్లి నుంచి బిడ్డకి రాకుండా ఆపేది ముఖ్యంగా ఆ డోసే.

మన సంగతికి వద్దాం. ఈ టీకా ప్రభుత్వ కార్యక్రమంగా దేశమంతా వచ్చింది 2011లో. మన బ్యాచ్‌లో ఎక్కువమంది 2005, 2006లో పుట్టినవాళ్లం. కాబట్టి అందరికీ పడి ఉంటుందని అనుకోలేం. ఈ వీకెండ్ ఇంటికి ఫోన్ చేసినప్పుడు అమ్మని టీకా కార్డ్ గురించి అడగండి. లేకపోతే ఒక రక్త పరీక్ష, నెగెటివ్ అయితే ఆరు నెలల్లో మూడు డోసులు. పాజిటివ్ వచ్చినా భయపడకండి, దాచుకోకండి. కలిసి తిన్నా, పక్కన కూర్చున్నా ఇది అంటుకోదు. మందులు ఉన్నాయి.

ఇక మీ ఇంట్లో ఎవరికైనా లివర్‌లో గడ్డలున్నాయని రిపోర్ట్ వస్తే, ‘పాకిందా’ అని ఒక్కటే అడిగి ఊరుకోకండి. ఇవి కూడా అడగండి. ఇది లివర్‌లోనే పుట్టిందా, బయట నుంచి వచ్చిందా? గడ్డలు ఎన్ని, ఒక్కోటి ఎంత? రక్తనాళాల్లో ఉందా? ఒకదాన్నుంచి ఒకటి వచ్చాయా, విడిగా పుట్టాయా, ఏ ఆనవాళ్లు చూసి అలా అనుకుంటున్నారు? లివర్ మిగతా భాగం ఎలా ఉంది, దాన్ని పాడుచేసింది ఏంటి? ఇంట్లో ఇంకెవరికి టెస్ట్ చేయించాలి? ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. లోపలికి వెళ్లాక ఏదీ గుర్తురాదు.